ముందు కరెంటు బిల్లు చదువు, బిడ్డా

నల్గొండ,
ఆదివారం

బిడ్డా లావణ్యా,

మీ క్యాంపస్‌లో కర్బన ఉద్గారాలు తగ్గించే కమిటీకి నిన్ను కన్వీనర్‌గా వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆర్డర్ చేతికొచ్చిన దగ్గర్నుంచి నీకు టెన్షన్‌గా ఉందట. పెద్దనాన్నను అడగమంటే మొహమాటపడుతున్నావట. నాతో మొహమాటం ఏంటి? యూనివర్సిటీ ఇంజినీరింగ్ సెక్షన్‌లో కరెంటు పనులు చూస్తూనే నా సర్వీసంతా గడిచింది. నువ్వు కెమిస్ట్రీ చెప్పేదానివి, గాలిలో ఏం కలుస్తోందో నీకు నేను చెప్పక్కర్లేదు. క్యాంపస్‌లో పని ఎట్లా జరుగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో మాత్రం నాకు తెలుసు. అదే రాస్తున్నాను.

మొదటి మీటింగులో ఒకరు వెయ్యి మొక్కలు నాటుదామంటారు. ఇంకొకరు సైకిల్ ర్యాలీ అంటారు. మూడో ఆయన, యూనివర్సిటీలకు గుర్తింపు ఇచ్చే నాక్ వాళ్లు వచ్చేలోపు, క్యాంపస్ పర్యావరణాన్ని ఎట్లా చూసుకుంటోందో చెప్పే గ్రీన్ ఆడిట్ రిపోర్టు ఒకటి చేయించి ఫైల్లో పెడదాం, గుర్తింపుకు పనికొస్తుంది అంటారు. దేన్నీ కాదనకు, గొడవెందుకు. మినిట్స్‌లో మాత్రం ఒక్క మాట రాయించుకో. గత మూడేళ్ల కరెంటు బిల్లులు, డీజిల్ ఇండెంట్లు (డీజిల్ కావాలని పెట్టిన కాగితాలు), మెస్ గ్యాస్ బిల్లులు కన్వీనర్‌కి ఇవ్వాలి అని. రిజిస్ట్రార్ గారి సంతకంతో ఆ కాగితం లేకపోతే అకౌంట్స్ సెక్షన్ వాళ్లు నిన్ను నెలల తరబడి తిప్పుతారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, ఆడిట్ భయం వాళ్లది.

బిల్లులు వచ్చాక లెక్క పెద్ద కష్టం కాదు. ప్రపంచమంతా వాడే పద్ధతిలో దీన్ని మూడు స్కోపులుగా విడగొడతారు. క్యాంపస్‌లో మనమే కాల్చేది, మన దగ్గర్నుంచే గాలిలోకి పోయేది స్కోప్ 1. జనరేటర్ డీజిల్, మెస్ గ్యాస్, యూనివర్సిటీ బస్సులు, ఏసీల్లోంచి లీకయ్యే గ్యాస్ అందులోకి వస్తాయి. బయట్నుంచి కొనే కరెంటు స్కోప్ 2. పిల్లలూ స్టాఫూ రోజూ వచ్చిపోయే ప్రయాణాలు, కొనే సిమెంటు, పారేసే చెత్త, ఇట్లా మన కోసం వేరేచోట జరిగేదంతా స్కోప్ 3. లీటరు డీజిల్ కాలిస్తే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలో వంటగ్యాస్‌కి 3 కిలోల దాకా, అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఒక్కటి అయిపోతే 57 కిలోలు. గ్రిడ్ కరెంటు అయితే దేశం మొత్తం సగటున యూనిట్‌కి 0.7 కిలో పైచిలుకు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఈ అంకెను ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది, తాజాది తీసుకో.

ఊరికే ఒక ఉదాహరణ వేసి చూడు. నెలకు 60,000 యూనిట్లు వాడే క్యాంపస్ అనుకుందాం. కరెంటు వల్ల 42 టన్నులు. మెస్‌లో వంద పెద్ద సిలిండర్లు కాలితే 6 టన్నుల లోపే. జనరేటర్‌కి 200 లీటర్లు పోస్తే అర టన్ను. అందరి కంటికీ కనపడే పొగ జనరేటర్‌ది, లెక్కలో చూస్తే అది చివర్లో ఉంది. కరెంటుకు పొగ ఎక్కడుంది అని ఎవరైనా అంటే దామరచర్ల పేరు చెప్పు. అక్కడి యాదాద్రి థర్మల్ ప్లాంటులో ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. సాగర్, శ్రీశైలం టర్బైన్లు కృష్ణకు వరదొచ్చినప్పుడే బాగా తిరుగుతాయి. పగలు సోలార్ కొంత ఆదుకుంటోంది. పొద్దుగూకాక హాస్టల్లో ఫ్యాన్ తిరగాలంటే ఎక్కువ భాగం బొగ్గే కాలాలి.

మొక్కల సంగతి కూడా ఈ లెక్కలోనే తేలిపోతుంది. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందని మామూలుగా వేసే అంచనా. జాతిని బట్టి, నేలను బట్టి మారుతుందనుకో. పై ఉదాహరణలో కరెంటు ఒక్కటే ఏడాదికి 500 టన్నులు. దాన్ని చెట్లతోనే సరిచేయాలంటే 25,000 పెద్ద చెట్లు కావాలి, నాటిన మొక్కలు కాదు. నీడ కోసం నాటు బిడ్డా, మన ఎండలకు అది చాలు కారణం. వేప, కానుగ, చింత, బిల్డింగుకు పడమటి వైపు నాటిస్తే ఆ గదుల్లో మధ్యాహ్నం వేడి తగ్గుతుంది. కోనోకార్పస్ ఎవరన్నా ఉచితంగా ఇచ్చినా వద్దను. రెండో ఎండాకాలం నీళ్లు ఎవరు పోస్తారో పేరు రాసుకున్నాకే గుంత తవ్వించు.

ఇక అసలు పని. బిల్లు నెలకొక అంకె చెప్తుంది, ఆ యూనిట్లు ఎటు పోయాయో చెప్పదు. చాలా క్యాంపస్‌లలో బయట్నుంచి కరెంటు వచ్చే 11 కేవీ లైను మీద ఒకే మీటరు ఉంటుంది, లోపల బిల్డింగులు ఇరవై. ఏ బిల్డింగు ఎంత వాడుతోందో ఎవరికీ తెలియదు. అందుకే నువ్వు అడగాల్సిన మొదటి ఖర్చు ప్రతి బిల్డింగుకీ ఒక సబ్ మీటరు. అవి వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. బతుకమ్మ, దసరా సెలవులకు హాస్టళ్లు ఖాళీ అవుతాయి కదా, అప్పుడు మెయిన్ మీటరు రీడింగు పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి రాయించు. మనుషులే లేని క్యాంపస్ రోజుకు ఎన్ని యూనిట్లు వాడుతోందో బయటపడుతుంది. ఆ అంకె చూసి మొదట మీటరే తప్పనుకుంటావు. అందులో సర్వర్ గది ఏసీ, ల్యాబుల్లో డీప్ ఫ్రీజర్లు, వీధిదీపాలు ఉండాల్సినవే. తాళం వేసిన ల్యాబులో తిరుగుతున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్, స్టాండ్‌బైలో వదిలేసిన కంప్యూటర్లు, పట్టపగలు వెలిగే హైమాస్ట్ లైటు, ఎవరూ తాగని నీళ్లను చల్లబరిచే వాటర్ కూలర్లు కూడా అందులోనే ఉంటాయి. ఇట్లాంటివన్నీ కలిసి 10 కిలోవాట్లే అనుకో, రాత్రీ పగలూ నడిస్తే ఏడాదికి 87,600 యూనిట్లు, 60 టన్నుల పైమాట. దీన్ని ఆపడానికి టెండరు అక్కర్లేదు, ఫైలు అక్కర్లేదు.

మామూలు రోజుల్లో కూడా రాత్రి పదకొండింటికి, తెల్లారి నాలుగింటికి రీడింగు తీయించు. మీ ఎమ్మెస్సీ పిల్లలకు ప్రాజెక్టుగా ఇస్తే శ్రద్ధగా చేస్తారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ప్యానెల్ రూములోకి పిల్లల్ని పంపొద్దు. ఎలక్ట్రీషియన్ లోపల రీడింగు చూసి చెప్పాలి, పిల్లలు బయట నిలబడి రాసుకోవాలి.

ఆ ఎలక్ట్రీషియన్ సంగతే ఇంకొంచెం చెప్తాను. కమిటీలో ప్రొఫెసర్లు పదిమంది ఉంటారు. ఎలక్ట్రీషియన్, పంపు ఆపరేటర్, మెస్ వంటమాస్టర్ ఒక్కరూ ఉండరు. వాళ్లను పిలిచి కుర్చీ వేయించి కూర్చోబెట్టు, చాయ్ తాగాక అడుగు. నేను పనిచేసిన చోట ఓవర్‌హెడ్ ట్యాంకు రోజూ పొంగిపోయేది. మోటారు ఎందుకు ఆపరని పెద్దసార్లంతా పంపు ఆపరేటర్‌ని తిట్టేవాళ్లు. నేను అడిగితే, "సార్, మోటరు బంద్ చెయ్యాలంటె ఈ కొసకెల్లి ఆ కొసకు సైకిల్ మీద పోవాలె. ఫ్లోట్ స్విచ్చి పెట్టియ్యిండ్రి అని ఎన్నిసార్లు చెప్పిన, ఎవలిన్నరు?" అన్నాడు. ట్యాంకు నిండగానే మోటారును దానంతటదే ఆపే స్విచ్చి, కొన్ని వందల రూపాయల వస్తువు అది. మన దగ్గర నీళ్లంటేనే కరెంటు. భగీరథ నల్లాలో వచ్చే కృష్ణ నీళ్లు ఎత్తిపోస్తేనే వస్తాయి, బోరు నీళ్లు పాతాళం నుంచి లాగితేనే వస్తాయి. కాబట్టి కారే కుళాయి బాగు చేయించడం కూడా నీ కమిటీ పనే.

ఫ్యాన్ల లెక్క చెప్తాను, ఇది రిజిస్ట్రార్ గారికి బాగా ఎక్కుతుంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. హాస్టల్లో రోజుకు 18 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యానుకి 200 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఎనిమిది రూపాయల చొప్పున వేసుకున్నా 1,600 రూపాయలు. ఫ్యాను ధర రెండేళ్ల లోపే తిరిగొస్తుంది. క్లాసు రూముల్లో వాడకం తక్కువ కాబట్టి ఆలస్యమవుతుంది. అందుకే మార్చడం హాస్టళ్ల నుంచి మొదలుపెట్టు. చాలాచోట్ల కనపడాలని అడ్మినిస్ట్రేటివ్ బ్లాకు నుంచి మొదలుపెడతారు.

ఏసీలకు 24 డిగ్రీల నియమం పెడితే అది పెద్ద గదుల నుంచే మొదలవ్వాలి. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఎలాగూ 24 మీదే మొదలయ్యేలా వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని, కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెప్తుంది. అధికారి గదిలో 18 పెట్టుకుని, హాస్టల్ పిల్లల్ని ఫ్యాను కట్టేయమంటే ఆ పిల్లలు నీ సర్క్యులర్‌ని వాట్సప్‌లో ఆడుకుంటారు. వాళ్లది న్యాయమే.

ఏసీల్లో కరెంటు కన్నా ఎవరూ పట్టించుకోనిది గ్యాస్. చల్లబరచడానికి వాటిలో నింపే ఆర్-410ఏ గ్యాస్ కిలో గాలిలో కలిస్తే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, దాదాపు మూడు వేల యూనిట్ల కరెంటు వాడినట్టు. ఏటా ఎండాకాలం ముందు మెకానిక్ వచ్చి గ్యాస్ నింపి పోతాడు. నింపాడంటే పోయిన ఏడాది గ్యాస్ ఎక్కడికో పోయిందన్నట్టే కదా! మెకానిక్‌తో ఏటా రాసుకునే మరమ్మతుల ఒప్పందం, అదే ఏఎంసీ కాగితంలో రెండు షరతులు పెట్టించు. లీకు మూసి చూపించాకే గ్యాస్ నింపాలి, ఏ ఏసీకి ఎన్ని గ్రాములు నింపాడో రిజిస్టర్‌లో రాయాలి. పాత ఏసీ తీసేసేటప్పుడు గ్యాస్‌ను గాలికి వదిలేయకుండా సిలిండర్‌లోకి లాగి పట్టుకుపోవాలి. కొత్తవి కొంటే ఆర్-32 గ్యాస్ ఉన్నవాటిని చూడు, దాని ప్రభావం ఇందులో మూడో వంతే.

పై అంతస్తు గదులకు ఏసీ అడిగేవాళ్లకు ముందు డాబా మీద తెల్ల పూత వేయించు. మన రాష్ట్రంలో 2023లో కూల్ రూఫ్ పాలసీ వచ్చింది, ప్రభుత్వ బిల్డింగులకు అది వర్తిస్తుంది కూడా. ఆ పాలసీ కాపీ జత చేస్తే నీ ప్రతిపాదన తొందరగా కదులుతుంది.

ఇవన్నీ అయ్యాక సోలార్. దుబారా ఆపకుండా ముందే ప్యానెళ్లు వేయడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. మనకు ఎండకు కొదవ లేదు. ఒక కిలోవాట్ ప్యానెళ్లు సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. 100 కిలోవాట్లకు పావు ఎకరం డాబా కావాలి, ఏడాదికి లక్షా నలభై వేల యూనిట్లకు తక్కువ కాకుండా వస్తాయి, అంటే 100 టన్నులు తగ్గుతాయి. మే నెలలో ఇంకా ఎక్కువొస్తుందనుకుంటారు. ప్యానెల్ వేడెక్కేకొద్దీ దాని సత్తా తగ్గుతుంది, 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా. రోహిణి కార్తెలో ప్యానెల్ మీద చెయ్యి పెట్టలేవు. కంపెనీ వాళ్లు మార్చి నెల లెక్క చూపించి ఏడాదంతా అంతే అంటే నమ్మకు. సెలవుల్లో మిగిలే కరెంటు గ్రిడ్‌కి పోయేలా నెట్ మీటరింగ్ కోసం మన కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్‌కి ముందే దరఖాస్తు పెట్టించు.

పెట్టుబడికి డబ్బు లేకపోతే రెస్కో పద్ధతి ఉంది. కంపెనీయే ప్యానెళ్లు వేస్తుంది, మనం వాడిన యూనిట్‌కి ఇంతని కడతాం. ఒప్పందం పాతికేళ్లు ఉంటుంది కాబట్టి సంతకానికి ముందు కొన్ని చూసుకో. ఏటా రేటు ఎంత పెరుగుతుంది? డాబా కారితే ప్యానెళ్లు తీసి పెట్టే ఖర్చు ఎవరిది? ఇంత కరెంటు తప్పకుండా వస్తుందని రాసిచ్చారా? కడగడం ఎవరి బాధ్యత? మన వైపు క్వారీ దుమ్ము, ఎర్రమట్టి దుమ్ము తెలుసు కదా. కోతులొకటి. వైర్లు పీకేస్తాయి, కాబట్టి పైపుల్లోంచి వేయించు. నేను చూసిన ఒక క్యాంపస్‌లో ఇన్వర్టర్ ట్రిప్ అయితే ఎండాకాలం మొత్తం ఎవరూ చూడలేదు. బిల్లు ఎందుకు పెరిగిందని పైనుంచి అడిగాక ఒకాయన డాబా ఎక్కాడు. ప్రారంభోత్సవానికి మాత్రం పెద్ద షామియానా వేశారు. రోజూ ఎన్ని యూనిట్లు వచ్చాయో రాసే మనిషిని పేరుతో సహా నిర్ణయించు.

మెస్ సంగతి నీకే బాగా తెలుసు, ఆడపిల్లల హాస్టల్లో నాలుగేళ్లు తిన్నావు. పారేసిన అన్నం కుప్పలో కుళ్లితే మీథేన్ వస్తుంది, అది వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు ఎక్కువ వేడి పట్టేది. రోజూ మిగిలిన అన్నం తూకం వేయించి మెస్ బోర్డు మీద రాయించు. ఎవరినీ ఏమీ అనొద్దు, ఊరికే రాయించు. బయోగ్యాస్ ప్లాంటు పెడదామని ఎవరైనా అంటే మంచిదే, కానీ దానికి రోజూ మేత కావాలి. సంక్రాంతి సెలవుల్లో పేడ తెచ్చి వేసే ఏర్పాటు లేకపోతే మళ్లీ దారికి రావడానికి వారాలు పడుతుంది. చలికాలంలో గదుల్లో దొంగతనంగా పెట్టే హీటర్ రాడ్లు ఒక్కోటి 1,500 వాట్లు. వార్డెన్ రైడ్లతో అవి ఆగవు. డాబా మీద సోలార్ వాటర్ హీటర్ ఉంటే రాడ్డు ఎవరు కొంటారు?

ప్రయాణాల లెక్క తీయడానికి ఒక చిన్న సర్వే చాలు: ఏ ఊరి నుంచి, దేని మీద, ఎన్ని కిలోమీటర్లు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితం, ఎక్కువమంది అందులోనే వస్తారు. మగపిల్లలు బండ్ల మీద వస్తారు. ఎందుకని అడిగితే టికెట్ డబ్బుల కన్నా టైమింగుల సంగతే ఎక్కువ చెప్తారు. సర్వే కాగితం పట్టుకుని డిపో మేనేజర్‌ని కలువు. పొద్దున తొమ్మిదికి, సాయంత్రం ల్యాబులు అయ్యాక ఒక్కో ట్రిప్పు మార్చగలిగితే పార్కింగులో బండ్లు వాటంతటవే తగ్గుతాయి. దీనికి క్యాంపస్ పైసా ఖర్చు పెట్టక్కర్లేదు.

కొత్త బ్లాకు కట్టాలనే ప్రతిపాదన ఎప్పుడూ ఒకటి ఉంటుంది. టన్ను సిమెంటు తయారీలో సగం టన్నుకు పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. హుజూర్‌నగర్, మట్టంపల్లి వైపు ఫ్యాక్టరీలు చూస్తూ పెరిగినవాళ్లం, మనకు కొత్త కాదు. టైమ్ టేబుల్ ముందేసుకుని ఉన్న గదులు వారానికి ఎన్ని గంటలు ఖాళీగా ఉంటున్నాయో లెక్క వేసి ఇవ్వు. ఈ మాట అన్నందుకు నీమీద కోపాలొస్తాయి, డిపార్ట్‌మెంట్లన్నిటికీ సొంత బ్లాకులు కావాలి కదా. మాటల్లో అనకు, లెక్క కాగితం మీద పెట్టి ఊరుకో.

ఇంకొకాయన వచ్చి, ఇదంతా ఎందుకు, వేరేవాళ్లు తగ్గించిన ఉద్గారాలను మన లెక్కలో వేసుకునే కార్బన్ క్రెడిట్లు కొని, ఒక్కరోజులో నెట్ జీరో, అంటే మన ఉద్గారాల లెక్క సున్నా అని ప్రకటించుకుందాం అంటాడు. కాలిఫోర్నియా యూనివర్సిటీ 2013లో, 2025 కల్లా కార్బన్ న్యూట్రల్ అవుతామని చెప్పింది. తర్వాత 2023లో క్రెడిట్ల దారి పక్కనపెట్టి, 2045 కల్లా సొంత ఉద్గారాలనే 90 శాతం తగ్గించాలని లక్ష్యం మార్చుకుంది. అంత డబ్బున్నవాళ్లకే ఆ దారి నచ్చలేదని చెప్పు.

డబ్బు గురించి ఒక మాట, ఇది ముఖ్యం. నువ్వు ఆదా చేసిన రూపాయలు జనరల్ ఫండ్‌లో కలిసిపోతే రెండో ఏడాదికి నీ చేతిలో ఏమీ ఉండదు. ఆదాలో సగమైనా ఒక వేరే పద్దులో వేసి మళ్లీ ఇదే పనికి వాడాలని వీసీ గారితో మొదటే ఒప్పించుకో. ఆ పద్దుకి మొదటి డబ్బు ఎక్కడ దొరుకుతుందంటే, పెద్ద వాడకానికి వచ్చే హెచ్‌టీ బిల్లులో కాంట్రాక్టెడ్ డిమాండ్ (ఒకేసారి ఇంతవరకు వాడతామని రాయించుకున్నది) అని ఒక అంకె, రికార్డెడ్ డిమాండ్ (నిజంగా ఒకేసారి వాడింది) అని ఇంకొక అంకె ఉంటాయి. వాడినా వాడకపోయినా కాంట్రాక్టెడ్ డిమాండ్‌లో 80 శాతానికి డబ్బు కట్టాల్సిందే. ఎప్పుడో ముందుచూపుతో ఎక్కువ కేవీఏ (డిమాండ్‌ను కొలిచే లెక్క) రాయించుకుని ఏళ్ల తరబడి ఊరికే కట్టే క్యాంపస్‌లు ఉన్నాయి. దాన్ని తగ్గిస్తే ఉద్గారాలు తగ్గవు, కానీ సబ్ మీటర్లకు డబ్బు వస్తుంది. తగ్గించే ముందు పన్నెండు నెలల్లో అత్యధిక డిమాండ్ ఎంతో చూడాలి, ఏప్రిల్ పరీక్షల నెల తప్పకుండా. కొత్త ఏసీల ప్రతిపాదనలేమైనా ఉన్నాయా అని కూడా కనుక్కో. దాటితే పెనాల్టీ వేస్తారు.

బిల్లులు చేతికి రాగానే ఈ రెండు అంకెలూ ఉన్న పేజీ ఫోటో తీసి నాకు వాట్సప్ చెయ్యి, పన్నెండు నెలలవీ. మీటింగుకు ముందురోజు సాయంత్రం ఏడు దాటాక ఫోన్ చేస్తే కూర్చుని లెక్క వేద్దాం. మీ కమిటీ ఆర్డర్‌లో గడువు ఎంత ఇచ్చారో కూడా రాయి. ఆరు నెలలే అయితే సోలార్ పేరు ఎత్తకు, సబ్ మీటర్లూ హాస్టల్ ఫ్యాన్లూ చాలు.

మీ పెద్దనాన్న